పేరమ్మ గడప ముందు బోరింగు

చెలమ దగ్గర చెంచులక్ష్మి పడిపోయిందని కబురొచ్చేసరికి పేరమ్మ నెత్తిన ఎండుచేపల గంప ఇంకా అట్నే ఉండాది. దించిందో పారేసిందో ఆమెకే తెలీదు. వెనక్కి చూడకుండా ఇసకలో పరిగెత్తింది.

ఏడో నెల కోడలు. ముందు రెండు కాన్పులూ ఎండాకాలంలోనే, నెలలు నిండకుండానే పోయినాయి. ఈ మూడోదన్నా నిలబడితే చాలని పేరమ్మ మొక్కని మొక్కు లేదు. ఇంట్లో నీళ్ళు అయిపోయినాయని, అత్త సంత నుంచి వచ్చేలోగా ఒక కడవ తెద్దామని ఆ పిల్ల ఒంటరిగా పోయింది. పోయినా అక్కడేముండాది గనక! వైశాఖం వచ్చిందంటే మా మొగిలికుప్పంలో ఇసక ఎంత లోతు తవ్వినా ఉప్పునీళ్ళే ఊరతాయి.

నలుగురు ఆడోళ్ళు మోసుకొచ్చి చాప మీద పడుకోబెట్టినారు. మంత్రసాని మస్తానమ్మ వచ్చి పొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు కదలకుండా కూచుంది. బిడ్డ కదిలిందని తల ఊపినాక గానీ పేరమ్మ కూలబడలేదు.

మస్తానమ్మ అక్కడితో లేవలేదు. చెంచులక్ష్మి పిక్క మీద బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు.

"చూసినావా? మొహం కూడా ఉబ్బింది. సూళ్ళూరుపేట డాక్టరు పోయిన నెలే చెప్పినాడంట గదా, ఉప్పు తగలకూడదని. కూరలో ఉప్పు మానిపించినావు, బాగుంది. తాగే నీళ్ళలో ఉప్పు ఎవురు మానిపిస్తారు?" అనింది.

పడవెక్కించి యాడికన్నా తీసకపోదామా అని పేరమ్మ అడిగింది. కుదిపితే దారిలోనే కాన్పు అవుతుందని, అప్పుడు తన చేతిలో ఏమీ లేదని మస్తానమ్మ ఖండితంగా చెప్పింది. పడుకోబెట్టి, తియ్యనీళ్ళు తాగించి, ఈ రెండు నెలలూ గట్టెక్కించాలి. వేరే దారి లేదు.

కొడుకు చిన్నపోలయ్య వాకిట్లో నిలబడి ఉండాడు. నాలుగు రోజులుగా తల్లితో మాటల్లేవు. గాలి అనుకూలిస్తే అవతలి గట్టుకి పడవేసుకుపోయి రెండు కడవలు తెస్తాడు. గాలి లేకపోతే అదీ లేదు. వారం నుంచి గాలి ఎదురుగానే కొడతా ఉండాది.

"తియ్యనీళ్ళు యాడో లేవు. ఇరవై అడుగుల్లో ఉండాయి," అన్నాడు తల్లి వైపు చూడకుండా.

గడపలో నిలబడితే ఎదురుగా కనపడతా ఉండాది, కొత్త బోరింగు. సిమెంటు గట్టు ఇంకా పచ్చి వాసన కొడతా ఉండాది. పిడికి కొబ్బరితాడు చుట్టి ముడేసి ఉండారు. రేపు పొద్దున తొమ్మిదింటికి ఆ తాడు విప్పుతారు. ముప్పై ఎనిమిది ఇళ్ళ కుప్పంలో ముప్పై ఏడు ఇళ్ళోళ్ళు ఆ నీళ్ళు తాగతారు.

తాగకూడని ఇల్లు ఒక్కటే. అది పేరమ్మది.

మా కుప్పం కట్టుబాటు ఇట్టాంటిది. ఒక ఇల్లు ఇంకొకరి మీద ఊళ్ళో మాట నిలిపిందనుకోండి, అంటే తప్పు మోపి తేల్చమని అడిగిందనుకోండి, ఆ మాట తేలేదాకా వాళ్ళ నిప్పు గానీ ఉప్పు గానీ నీళ్ళు గానీ ఈ ఇంట్లోకి రాకూడదు. వచ్చిందా, మాట చచ్చిపోయినట్టే. మళ్ళీ ఎత్తడానికి లేదు. వేరు పొయ్యి పెట్టుకుంటే సరిపోదా అని మీకు తోచొచ్చు. చిన్నపోలయ్యకీ తోచింది. చచ్చింది వాళ్ళ నాయన గదా, పొయ్యి మారిస్తే నెత్తురు మారతుందా అని పెద్దోళ్ళు తోసేసినారు.

పదకొండేళ్ళుగా పేరమ్మ మాట నిలిపి ఉండాది. ఎవురి మీద? ఆ బోరింగు వేయించిన మారాజు మీదనే.

ఆయన రంగనాయకులు. ఇప్పుడు నాయుడుపేటలో చిన్న బియ్యం మిల్లు పెట్టుకుని ఉండాడు. అప్పట్లో మా ఇసక మీదనే కట్టెల అడితి ఉండేది. శ్రీహరికోట సరుగుడు కట్టెలు పడవలకెత్తి బకింగాం కాలువ మీద చెన్నపట్నం పంపించేవాడు. పేరమ్మ మొగుడు మునెయ్య ఆ పడవ నడిపేవాడు. గాలివాన ముంచుకొస్తా ఉన్న ఒక పొద్దు మునెయ్య ఇంటికొచ్చి, "ఇయ్యాల పడవ తియ్యనని చెప్పేసి వచ్చినా," అన్నాడు. ఆ మాట ఆమె చెవులారా వినింది. విని, నిమ్మళంగా చేపలమ్మడానికి పోయింది. తిరిగొచ్చేసరికి మనిషి లేడు, పడవా లేదు. మూడోనాడు శవం దొరికింది.

పోనన్న మనిషిని ఎవురో వచ్చి పిలిచి పంపించినారు. ఎవురు?

పంచాయితీలో రంగనాయకులు ఒకటే మాట చెప్పినాడు. పొమ్మని నేను చెప్పలేదు అన్నాడు. అయితే తాగి తనంతట తానే పోయి ఉంటాడని ఊరు అనుకునింది. సాక్షి లేడు. పేరమ్మ ఒప్పుకోలేదు. మాట నిలిపింది. ఆ దెబ్బకి రంగనాయకులు అడితి ఎత్తుకుని నాయుడుపేట పోవాల్సొచ్చింది. మాట ఉన్నంతకాలం ఆయన మా ఇసక మీద కొనకూడదు, అమ్మకూడదు. ప్రతి ఏడూ కుప్పం పెద్దలు కూచున్న పొద్దు పేరమ్మ లేచి, "నా మాట అట్నే ఉండాది," అని కూచుంటుంది. విన్నామని కుప్పానికి పెద్ద అయిన కాపు తల ఊపుతాడు. కాపంటే ఇంకెవురో కాదు, పేరమ్మ తోడబుట్టిన అన్న పెంచలయ్య. చెంచులక్ష్మిని కన్నతండ్రి కూడా ఆయనే.

ఇప్పుడు చెప్పండి. ఆ రంగనాయకులు చచ్చిపోయిన తన తల్లి రాఘవమ్మ పేరు మీద కుప్పానికి బోరింగు వేయిస్తానంటే, అనుమానం రాదా?

పేరమ్మకే కాదు, అందరికీ వచ్చింది. వడ్లు ఆడించుకునేవాడికి మన దాహం ఎందుకు పట్టింది అన్నారు. పేరమ్మ మాట పోతే మళ్ళీ అడితి పెట్టుకోవచ్చు, అందుకే అన్నారు. కాదు, సమితి ఎన్నికలకి నిలబడతాడంట అన్నారు. ఆయన ఒక్కడేనా? బెల్లం కొట్టు చెంచయ్య రేపటి పానకానికి బెల్లం ఊరకే ఇస్తానన్నాడు. తూకంలో మోసం చేస్తాడని ఆడోళ్ళు మొన్ననే దులిపేసినారు గదా, అందుకని అన్నారు. మత్స్యకార సంఘం కుర్రోళ్ళు పదిరోజులు ఇసక మోసి గట్టు కట్టినారు. సంఘానికి కొత్త ప్రెసిడెంటు కావాలంటలే అన్నారు. మా కుప్పంలో ఎవురన్నా చెయ్యి చాచి ఇస్తే, ఆ చేతిని తిరగేసి చూడకుండా పుచ్చుకునే అలవాటు లేదు. ఉప్పునీళ్ళు తాగి తాగి నాలుకలే కాదు, బుద్ధులూ అట్టయిపోయినాయి.

అన్నారు గానీ, పుచ్చుకోకుండా ఉండారా? ఉండలేదు. దప్పికి రోషం ఎంతసేపు!

ఎండ నెత్తికెక్కే వేళకి పెంచలయ్య వచ్చినాడు. కూతురి పక్కన కూచుని కాళ్ళ వాపు చూసినాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగిన మాట నిజం. అది చూసి పేరమ్మ కూడా కళ్ళొత్తుకుంది.

ఆ తర్వాత మొదలుపెట్టినాడు. రేపు అందరి ముందరా నువ్వే మొదట తాగాలమ్మా అన్నాడు. మాట నిలిపిన మనిషి తాగితే గానీ ఆ ఇంటోళ్ళు తాగడానికి లేదు గదా అన్నాడు. పదకొండేళ్ళు మోసినావు, ఇంక దించేయమన్నాడు. చచ్చినోడు తిరిగి రాడన్నాడు. ఊరంతా చెప్పే మాటలే. ఆయన నోట వినేసరికి పేరమ్మకి ఒళ్ళు మండింది.

ఎందుకంటే అప్పట్లో ఆమె పక్కన నిలబడి అడిగినోడు ఈ అన్నే. తను అదే అడితిలో మేస్త్రీ పని చేస్తా కూడా, చెల్లెలి తరఫున రంగనాయకుల్ని నిలదీసినాడు. ఆ పని పోగొట్టుకున్నాడు. తర్వాత తండ్రి లేని ఇంటికి, మగపెళ్ళోళ్ళు ఇచ్చే కానుక కూడా అడక్కుండా కూతుర్నిచ్చినాడు. అన్నంటే పెంచలయ్యరా అని మా కుప్పం ఆడోళ్ళు తమ అన్నల్ని ఇప్పటికీ దెప్పతా ఉంటారు.

"నువ్వేనా అన్నా, తాగమంటా ఉండేది?" అనింది పేరమ్మ.

"నా కూతురు చచ్చిపోతా ఉంటే ఇంకేమనమంటావు?"

కొడుకు మధ్యలో వచ్చినాడు. నాలుగు రోజుల మౌనం ఒక్కసారిగా తెగింది.

"నాయన పోయి పదకొండేళ్ళయింది. నా బిడ్డ ఇంకా పుట్టలా. ఇద్దర్లో ఎవురు కావాలో నువ్వే తేల్చుకో."

"నేను తాగితే మీ నాయన తాగి చచ్చినాడని ఖాయమైపోతుంది రా. రేపు నీ బిడ్డకి తాత గురించి అదే చెప్తావా?"

"బిడ్డంటూ ఉంటే గదా చెప్పడానికి," అని చిన్నపోలయ్య బయటికి పోయినాడు.

పెంచలయ్య కూడా లేచినాడు. చేపల పులుసు ఉడుకుతా ఉండాది. ఆ ఇంట్లో పులుసు వాసనొస్తే తినకుండా కదిలే మనిషి కాదు. ఆ పొద్దు ఆకలి లేదని పోయినాడు. పేరమ్మ ఆయన వీపు వంక చూస్తా నిలబడింది. ఇంతకుముందెప్పుడూ రాని ఆలోచన ఒకటి వచ్చింది. ఈయన్ని కొనేసినారా?

ఛీ, అనుకునింది. సొంత అన్న. అయినా అనుమానమనేది చేపముల్లు లాంటిది. గొంతులో దిగినాక మింగినా పోదు, కక్కినా పోదు.

పొద్దు వాలేవేళ బోరింగు దగ్గరికి పోయింది. ముట్టుకోవడానికి కాదు, చూడడానికి. గూడూరు నుంచొచ్చిన బోరింగు మేస్త్రీ యెహోషువ పిడికి గ్రీజు పూస్తా ఉండాడు. మెత్తటి మనిషి. పది రోజులుగా ఎదురుగుండా పని చేస్తా ఉన్నా పేరమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె సంగతి ఎవురో చెప్పే ఉంటారు.

ఇంత కుప్పం ఉండాదే, సరిగ్గా నా గడప ముందరే ఎందుకేసినారయ్యా అని అడిగింది. నీ యజమాని నా కళ్ళ ముందు నీళ్ళు పారించి నన్ను ఏడిపించాలనా అని కూడా అనింది. పాపం, ఆ మనిషి కంగారుపడినాడు.

"రంగనాయకులుగారు ఈ చోటే చూడలేదమ్మా. ఆయన సంఘం షెడ్డు పక్కన ఊరి నడిమధ్యలో వెయ్యమన్నారు. ఇక్కడే కావాలని కాపుగారు పట్టుబట్టినారు."

"అక్కడ తియ్యనీళ్ళు పడవా?"

"రెండు చోట్లా పడతాయమ్మా. నేను చూసి చెప్పినాను గూడా."

ఎప్పుడు చూసినావని అడిగింది. మాఘమాసంలో అన్నాడు. కాపుగారే మూడుసార్లు నాయుడుపేట వచ్చి, మీ అమ్మ పేరు మీద మా కుప్పానికి ఏదన్నా చెయ్యండని రంగనాయకులుగారిని బతిమాలినారని, తొలిసారి తను అక్కడే ఉన్నానని చెప్పినాడు. మంచి మనిషమ్మా మీ కాపుగారు, ఊరికోసం అంత తిరిగేవాళ్ళు యాడుండారు అని కూడా అన్నాడు.

పేరమ్మ లెక్కేసుకునింది. మాఘమాసానికి చెంచులక్ష్మికి నాలుగో నెల. కాళ్ళు వాచలేదు. డాక్టరు దగ్గరికి పోలేదు. పిల్ల నిక్షేపంగా తిరగతా ఉండాది.

నేరుగా అన్న ఇంటికి పోయింది. ఆయన వాకిట్లో వల బాగుచేసుకుంటా ఉండాడు. వదిన తమలపాకులు తేబోతే వద్దనింది. నిలబడే అడిగింది.

"బోరింగు ఆయన ఇస్తానన్నాడా, నువ్వు అడిగినావా?"

పెంచలయ్య వల కిందపెట్టలేదు. ఎవురు అడిగితే ఏందమ్మా, నీళ్ళు వచ్చినాయా లేదా అన్నాడు. నా గడప ముందర ఎందుకు పెట్టించినావంటే, కూతురు నడవలేదు గదా, దగ్గరుంటుందని అన్నాడు. మాఘంలో నీ కూతురు పరిగెత్తతా ఉండేదే అంటే, ముందుచూపు అన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కినావురా అంటే దూడగడ్డికి అన్నాడంట ఎవుడో!

"ఆయన నీకేమన్నా ఇచ్చినాడా అన్నా?" అని అడిగేసింది. అడిగినందుకు తనకే సిగ్గయింది.

ఆ మాటకి మాత్రం పెంచలయ్య తలెత్తినాడు. మొహంలో కోపం వస్తుందనుకునింది. రాలేదు. దండన తప్పిన మనిషికి ఉన్నట్టు ఒక తేటదనం వచ్చింది.

"పోలేరమ్మ మీద ప్రమాణం. ఆయన దగ్గర చిల్లికాణీ పుచ్చుకోలేదు. నన్ను నమ్ము," అన్నాడు.

నమ్మింది. అన్న అబద్ధపు ప్రమాణం చెయ్యడని ఆమెకి తెలుసు. నమ్మి బయటికొచ్చినాక కూడా ముల్లు మాత్రం అట్నే ఉండాది.

ఇంటికొచ్చేసరికి చెంచులక్ష్మి మేలుకుని ఉండాది. పేరమ్మ గ్లాసులో మిగిలిన నాలుగు గుక్కలు పట్టించింది. అవి కొడుకు మొన్నెప్పుడో తెచ్చిన తియ్యనీళ్ళలో అడుగు బొట్లు. ఆ పిల్ల సగం తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"అత్తా, రేపు నాకోసం తాగబాక."

"నోర్ముయ్యి."

"నిజంగానే చెప్తా ఉండా. నువ్వు తాగితే బిడ్డ బతుకుతుందేమో. ఆ తర్వాత బిడ్డని చూసినప్పుడల్లా మామని నువ్వే చంపుకున్నట్టు ఉంటుంది నీకు. నాకు తెలుసు గదా నీ సంగతి. నా బిడ్డని అట్ట చూస్తే నేను ఓర్చుకోలేను."

పేరమ్మకి దుఃఖం ఆగలేదు. కోడలి వాచిన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఇంత కడుపు చల్లని మాట చెప్పిన పిల్లని ఉప్పునీళ్ళతో చంపుకుంటానా అనుకునింది. అక్కడే నిర్ణయం అయిపోయింది. ఏ పెంచలయ్య చెప్పినా, ఏ కొడుకు అలిగినా కానిది, వద్దన్న పిల్ల మాటతో అయింది.

మునెయ్యా, నన్ను తిట్టుకోబాక అని మనసులోనే చెప్పుకునింది.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి కుప్పమంతా పేరమ్మ వాకిట్లోనే ఉండాది. సంఘం కుర్రోళ్ళు కొబ్బరాకులు కట్టినారు. చెంచయ్య పానకం కాగు దగ్గర నిలబడి తన బెల్లం గురించి తనే చెప్పుకుంటా ఉండాడు. రంగనాయకులు పడవ దిగి వచ్చి, గొడుగు మూసి, కుర్చీ వేస్తే కూచోకుండా ఓ పక్కన నిలబడినాడు. పదకొండేళ్ళలో మనిషి వంగిపోయినాడు. గట్టు మీద తల్లి పేరు చెక్కింది చూసి తల దించుకున్నాడు. ఆ తర్వాత ఎదురుగా ఉన్న గుడిసె చూసినాడు. ఇదెవురి ఇల్లని యెహోషువని మెల్లగా అడిగినాడు. చెప్పినాడు. ఆయన మొహం మారిపోయింది.

అది పేరమ్మ చూసింది. ఎంత నటన అనుకునింది.

పెంచలయ్య తాడు విప్పినాడు. యెహోషువ పిడి కొట్టినాడు. నాలుగు దెబ్బలకి నీళ్ళు దూకినాయి. ఆడోళ్ళు కడవలతో ముందుకొచ్చి, మళ్ళీ ఆగిపోయినారు. అందరి చూపూ పేరమ్మ మీద.

పెంచలయ్య ఇత్తడి చెంబు నింపి తెచ్చి చెల్లెలి చేతికిచ్చినాడు.

పేరమ్మ కుప్పం వైపు తిరిగింది. ఏటేటా లేచి నిలబడి చెప్పే మాట ఈసారి చెప్పలేదు.

"నా కోడలి కోసం తాగతా ఉండా," అనింది. "నా మొగుడు తాగి పోలేదు. అది మాత్రం ఎవురూ మర్చిపోబాకండి."

చెంబు ఎత్తింది. పెదాలకి తగిలేలోగా ఎవురో దాన్ని చేత్తో మూసినారు. రంగనాయకులు.

"తాగొద్దు పేరమ్మా," అన్నాడు. "నేను ఊరికి నీళ్ళిచ్చినా. నీ మాట చంపడానికి ఇవ్వలేదు. ఇది నీ గడప ముందరికి వచ్చిందని నాకు ఇప్పుడే తెలిసింది."

జనం గుసగుసలాడినారు. చిన్నపోలయ్య ముందుకు దూకి, అడ్డం లే అని అరిచినాడు. ఆయన కదల్లేదు.

"నీ మాట చచ్చిపోతే నేను తప్పు చేసినట్టూ కాదు, చెయ్యనట్టూ కాదు. మా అమ్మ ఆఖరి రోజున ఆ ఇంటి మాట తేల్చుకో నాయనా అని చచ్చిపోయింది. ఆ పొద్దు పంచాయితీలో నేనేం చెప్పినా? పొమ్మని నేను చెప్పలేదన్నా. మరి ఎవురు చెప్పినారు అని నన్ను ఒక్కరన్నా అడిగినారా? నీ తరఫున నిలబడి అడిగినోడు, ఆ ఒక్కటీ తప్ప అన్నీ అడిగినాడు."

పానకం దగ్గర చెంచయ్య నోరు కూడా మూతబడింది.

"శుక్రవారానికి కట్టెలు చెన్నపట్నం చేరకపోతే నీ పని ఊడుతుందని మేస్త్రీని బెదిరించింది నేనే. ఆ పాపం నాది. అందుకే ఇన్నాళ్ళూ నోరెత్తలేకపోయినా. కానీ మునెయ్యని ఇంటికొచ్చి పిలిచింది నేను కాదు."

మేస్త్రీ. ఆ రోజుల్లో అడితి మేస్త్రీ ఎవురో మా కుప్పంలో ముసలోళ్ళకీ తెలుసు, పిల్లలకీ తెలుసు.

పేరమ్మకి మొదట వచ్చింది కోపమే. వీడు ఎంతకైనా తగినోడు, ఇప్పుడు నా అన్న మీదకి తోసేస్తా ఉండాడు అనుకునింది. నా ఇంటిని రెండు ముక్కలు చెయ్యడానికే ఈ నీళ్ళు, ఈ పందిరి, ఈ ఏడుపు అనుకునింది. వెనక్కి తిరిగింది, అన్న ముందుకొచ్చి వాణ్ణి నాలుగు దులపతాడని.

పెంచలయ్య ముందుకు రాలేదు. చెప్పులేసుకోని కాళ్ళతో తడి ఇసకలో నిలబడి ఉండాడు. నాయుడుపేటకి మూడుసార్లు పోయింది, చోటు ఇక్కడే కావాలనింది, కానుక అడక్కుండా కూతుర్నిచ్చింది, అన్నీ ఒకదాని వెనక ఒకటి పేరమ్మ కళ్ళ ముందు తిరిగినాయి. నిన్న ఆయన చేసిన ప్రమాణం నిజమే. తను అడిగిందే తప్పు ప్రశ్న.

గుడిసె లోపల్నుంచి చెంచులక్ష్మి దగ్గు వినపడింది. నీళ్ళు, నీళ్ళు అని మస్తానమ్మ ఎవుర్నో కేకేస్తా ఉండాది.

పేరమ్మ చెంబు రెండు చేతులా పట్టుకుని అన్న ఎదురుగా పోయింది.

"ఆ పొద్దు నేను చేపలమ్మడానికి పోయినాక, మా ఇంటికొచ్చి పిలిచింది నువ్వేనా అన్నా?"

పెంచలయ్య ఆమె కళ్ళలోకి చూసినాడు. ఆ తర్వాత చెంబు అడుక్కి తన అరచెయ్యి పెట్టి, చిన్నప్పుడు చెల్లెలికి తాగించినట్టే మెల్లగా ఆమె నోటి వైపుకి ఎత్తినాడు.

"ముందు నీళ్ళు తాగమ్మా," అన్నాడు.